చీకటి తెలిసిన హాలు

అందరికీ నమస్కారం.

ముందు ఈ ఫోటో చూడండి. వందేళ్లు దాటిన ఒక రంగశాల ఇది. మధ్యాహ్నం పన్నెండింటికి లోపలి లైట్లన్నీ వేయించి, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి తీశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా స్పష్టంగా ఉంది. కుర్చీలు లెక్కపెట్టుకోవచ్చు, గోడ మీద సున్నం పెచ్చులూడిన చోటు కూడా కనిపిస్తుంది. ఫోటోగా వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ హాల్లో కూర్చుని ఒక్క నాటకమైనా చూసినవాళ్లకి దీన్ని చూపిస్తే "ఇది మా హాలేనా?" అంటారు. నిజంగానే అన్నారు. ఎందుకంటే వాళ్లు ఆ హాలుని అంత వెలుగులో ఎప్పుడూ చూడలేదు. తెర లేచే ముందు లైట్లు తగ్గుతున్నప్పుడు చూశారు, చీకట్లో పక్కవాళ్ల భుజం తగులుతుంటే చూశారు, చప్పట్ల మధ్య లేచి నిలబడి చూశారు. నా ఫోటోలో హాలు కొలతలున్నాయి. హాలు లేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు అదే హాలుకి ఫిల్మ్ కెమెరాలతో వెళ్తూ వచ్చాను. దీర్ఘ ఎక్స్‌పోజర్లు (అంటే షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచి ఫిల్మ్ మీద వెలుగు పడనివ్వడం), ఒకే ఫ్రేము మీద రెండు ఎక్స్‌పోజర్లు, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్, ఫోటో కాగితమే నెగెటివ్‌గా వాడటం, ఇలా చాలా చేశాను. వాటిలో కొన్ని పనిచేశాయి, కొన్ని చేయలేదు. ఎందుకు చేశాయో, ఎందుకు చేయలేదో ఈ రోజు చెప్పాలనుకుంటున్నాను. నాకు అర్థమైనదల్లా ఒక్కటే: ప్రయోగం మన సరదా కోసం కాకుండా ఆ హాలు అడిగితే చేయాలి. అది ఏం అడుగుతోందో తెలుసుకోవడమే ఇందులో పెద్ద పని.

మొదట ఒక పాత సంగతి చెప్తాను. ఫోటోగ్రఫీకీ రంగస్థలానికీ పుట్టుకలోనే చుట్టరికం ఉంది. ఫోటోగ్రఫీని లోకానికి అందించిన లూయీ డాగేర్ అసలు వృత్తి థియేటర్లకి తెరలు, సెట్లు చిత్రించడం. 1822లో ఆయన, చార్లెస్ బూటన్ కలిసి పారిస్‌లో డయోరామా అనే ప్రదర్శనశాల తెరిచారు. అందులో నటులు ఉండరు. పలుచని పెద్ద బట్ట మీద చిత్రించిన దృశ్యం ఉంటుంది. ముందు నుంచి ఒక రకంగా, వెనక నుంచి ఇంకో రకంగా వెలుగు పడేలా చేస్తే ప్రేక్షకుల కళ్ల ముందే పగలు రాత్రయ్యేది. వెలుతురే అక్కడ నటుడు. ఆ మనిషే తర్వాత వెండి పూత పూసిన రేకు మీద వెలుతురుని నిలబెట్టడం కనిపెట్టాడు. 1839 జనవరిలో ఆ సంగతి ప్రకటించారు. అదే ఏడాది మార్చిలో డయోరామా కాలిపోయింది.

ఆయన 1838లో తీసిన ఒక ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. పారిస్‌లోని బూల్వార్ ద్యు తాంప్ల్ అనే వీధిని పైఅంతస్తు కిటికీలోంచి తీసింది. మనిషి కనిపించే తొలి ఫోటోల్లో ఒకటిగా దాన్ని చెప్తారు. అది నిజానికి థియేటర్ల వీధి. అక్కడి నాటకాల్లో రోజూ హత్యలు, దోపిడీలు జరిగేవి కాబట్టి జనం దాన్ని "నేరాల వీధి" అనేవారు. ఎప్పుడూ కిటకిటలాడే ఆ వీధి ఫోటోలో మాత్రం ఖాళీగా ఉంది. ఎక్స్‌పోజర్‌కి కొన్ని నిమిషాలు పట్టడంతో నడిచేవాళ్లు, బండ్లు ఏవీ రేకు మీద నిలవలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ ఒక్క మనిషి నిలిచాడు. 1862లో నగరాన్ని కొత్తగా కట్టే పనిలో ఆ వీధిలోని థియేటర్లు చాలావరకు కూల్చేశారు.

ఈ ఫోటో గురించి నేను చాలా ఆలోచించాను. కదిలేది చెరిగిపోతుంది, కదలనిది మిగులుతుంది. దీన్ని ఆనాటి పరికరాల లోపం అంటాం. కానీ రంగశాల విషయంలో అది అక్షరాలా నిజం కదా! నటులు వస్తారు, వెళ్తారు. ప్రేక్షకులు వస్తారు, వెళ్తారు. కుర్చీలు, తెర, దీపాలు ఉంటాయి. నా దీర్ఘ ఎక్స్‌పోజర్లకి మూలం ఈ ఆలోచనే.

ఆ హాల్లో నలభై ఏళ్లుగా లైట్లు చూసుకునే పెద్దాయన ఒకరున్నారు. మొదటి రోజు కెమెరా సంచితో వెళ్లగానే, "ఇవాళ కెమెరా బయటికి తీయొద్దమ్మా, ఊరికే కూర్చో" అన్నారు. ఉదయం నుంచి రాత్రి దాకా కూర్చున్నాను. పొద్దున పైకప్పు దగ్గరున్న చిన్న గాలి కిటికీలోంచి ఒక సన్నటి వెలుగు చార రెండో వరుస మీద పడి, మెల్లగా జరుగుతూ పన్నెండో వరుస దాకా వెళ్లి మాయమైంది. సాయంత్రం రిహార్సల్ జరిగింది. రాత్రి అందరూ వెళ్లాక ఆయన స్టేజీ మధ్యలో ఒక స్టాండు పెట్టి, దానికున్న ఒంటరి బల్బు వెలిగించి తాళం వేశారు. దీన్ని గోస్ట్ లైట్ అంటారు. చీకట్లో లోపలికి వచ్చినవాళ్లు స్టేజీ అంచు తెలియక వాద్యబృందం గోతిలో పడకుండా ఉండటానికి పెట్టే దీపం. హాల్లోని ఆత్మలు నాటకం ఆడుకోవడానికి అని కూడా కొందరు చెప్తారు. ఆ రోజు నేను ఒక్క ఫ్రేము కూడా తీయలేదు. కానీ తర్వాత తీసినవన్నీ ఆ రోజు చూసినవే.

ఇప్పుడు మొదటి ప్రయోగం. ఒక రిహార్సల్ మొత్తాన్ని ఒకే ఫ్రేములో పట్టడం.

ఈ మార్గంలో అందరికంటే ముందు గుర్తుకొచ్చే పేరు జపాన్ ఫోటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో. 1970ల చివరి నుంచి ఆయన పాత సినిమా హాళ్లలో పెద్ద కెమెరా పెట్టి, సినిమా మొదలవగానే షట్టర్ తెరిచి, అయిపోయాక మూసేవారు. రెండు గంటల సినిమాలో సుమారు 1,72,800 ఫ్రేములు ఉంటాయి. అవన్నీ ఒకదాని మీద ఒకటి పడి తెర తెల్లటి దీర్ఘచతురస్రంగా మిగులుతుంది. ఆ తెర వెలుగులోనే హాలంతా కనిపిస్తుంది. నేను దాన్ని మళ్లీ చేయదలచుకోలేదు. సినిమా హాల్లో వెలుగు తెర నుంచి వస్తుంది. నాటకాల హాల్లో వెలుగు మనుషుల మీద పడి, వాళ్ల మీద నుంచి హాల్లోకి వస్తుంది. రెండూ ఒకటి కాదు.

నాలుగు బై అయిదు అంగుళాల షీట్ ఫిల్మ్ వాడాను, అంటే చుట్టగా కాకుండా విడి షీట్లుగా వచ్చేది. ఇల్ఫోర్డ్ కంపెనీ వాళ్ల నలుపు తెలుపు ఫిల్మ్ ఎఫ్‌పీ4. అపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, బాగా మూసి, స్టేజీని వదిలేసి గోడల మీది మసక వెలుతురుని కొలిస్తే లైట్ మీటరు తొమ్మిదిన్నర నిమిషాలు చూపించింది. మొదటిసారి మీటరుని నమ్మి అంతే ఇచ్చాను. నెగెటివ్ కడిగితే స్టేజీ తప్ప ఏమీ రాలేదు. హాలంతా ఖాళీ గాజులా ఉంది.

దీనికి కారణం ఫిల్మ్ వాడేవాళ్లందరికీ తెలియాలి కాబట్టి కాస్త ఆగి చెప్తాను. దీన్ని రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. ఫిల్మ్‌లో వెండి లవణపు స్ఫటికాలుంటాయి. ఒక్క కాంతి కణం తగిలితే స్ఫటికంలో గుర్తు నిలవదు. వెంటవెంటనే మరికొన్ని తగలాలి. మసక వెలుతురులో మొదటిది తగిలాక రెండోది వచ్చేలోపే మొదటి గుర్తు చెరిగిపోతుంది. హాల్లో ఒక్కరు చప్పట్లు మొదలుపెట్టి, పక్కన ఎవరూ అందుకోకపోతే ఆ చప్పుడు అక్కడే ఆగిపోతుంది చూశారా, అలాగన్నమాట. అందుకే ఎక్స్‌పోజర్ సెకను దాటాక ఫిల్మ్‌కి మీటరు చెప్పినదానికంటే ఎక్కువ సమయం ఇవ్వాలి. ఇల్ఫోర్డ్ వాళ్లు దీనికి సులువైన లెక్క ఇచ్చారు. మీటరు చెప్పిన సెకన్లని ఒక ఘాతానికి పెంచాలి. ఎఫ్‌పీ4కి ఆ ఘాతం 1.26, వాళ్లదే ఇంకో ఫిల్మ్ హెచ్‌పీ5కి 1.31. నా తొమ్మిదిన్నర నిమిషాలని ఈ లెక్కలో వేస్తే దాదాపు 50 నిమిషాలొచ్చింది. రిహార్సల్‌లో మొదటి అంకం కూడా అటూ ఇటూగా అంతే! ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. వెలుగు బాగా పడిన చోట ఈ బాధ ఉండదు, నీడల్లోనే ఉంటుంది. సమయం పెంచితే నీడలు తేరుకుంటాయి కానీ వెలుగు భాగాలు మాడిపోతాయి. అందుకని డెవలప్ చేసే సమయం తగ్గించాలి. కోడాక్ వాళ్ల ట్రై-ఎక్స్ అనే ఫిల్మ్ పాత పట్టికలో మీటరు 100 సెకన్లు చూపిస్తే 1200 సెకన్లు ఇవ్వమని, డెవలపింగ్ 30 శాతం తగ్గించమని ఉండేది. నేను ఎఫ్‌పీ4కి 20 శాతం తగ్గించాను.

ఇదిగో ఫోటో. స్టేజీ మీద మనుషులు లేరు, పొగలాంటి తెల్లదనం ఉంది. కానీ ఎడమ వైపు చూడండి, ఒక స్టూలు, దాని మీద మనిషి ఆకారం సగం కనిపిస్తోంది. ఆ అంకంలో ఒక ముసలి పాత్ర దాదాపు ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుంటుంది. ఆ ఇరవై నిమిషాలే ఫిల్మ్ మీద నిలిచాయి. గెంతినవాళ్లు, ఏడ్చినవాళ్లు, కత్తి దూసినవాళ్లు అందరూ పొగలో కలిసిపోయారు. ఆ పాత్ర వేసిన నటి ఈ ప్రింటు చూసి చాలాసేపు మాట్లాడలేదు.

గోస్ట్ లైట్ ఫోటోలు రెండున్నాయి. ఒకటి నలుపు తెలుపు, రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా ఒకే ఎక్స్‌పోజర్. రెండోది సినీస్టిల్ 800టీ అనే కలర్ ఫిల్మ్ మీద, కొన్ని నిమిషాలే. అది కోడాక్ వాళ్ల సినిమా ఫిల్మే, వెనక ఉండే నల్లపూత తీసేసి అమ్ముతారు. ఆ పూత లేకపోతే గట్టి వెలుగు ఫిల్మ్‌ని దాటి వెళ్లి, వెనక్కి తిరిగొచ్చి బల్బు చుట్టూ ఎర్రటి వలయంలా పరుచుకుంటుంది. ఈ రెండోదే అందరికీ నచ్చింది. చూడగానే ఆకట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. అయినా నేను దాన్ని నా ఫోటో ప్రదర్శనలో పెట్టలేదు. ఆ ఎరుపు హాలుది కాదు, ఫిల్మ్‌ది. వీధి దీపాన్ని తీసినా, పెట్రోలు బంకుని తీసినా అదే వలయం వస్తుంది. మొదటి దాంట్లో బల్బు వెలుగు పదో వరుస దాకా వచ్చి, అక్కడ నుంచి మెల్లగా సన్నగిల్లి, బాల్కనీ కింద పూర్తిగా ఆగిపోతుంది. ఆ ఆగిపోయే చోటు ఆ హాలుకి మాత్రమే సొంతం.

ఇప్పుడు కుర్చీల రంగు గురించి. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది.

ఆ హాల్లో కుర్చీలకి ఎర్ర మఖమలు, బాల్కనీ అంచులకి బంగారు రంగు పూత ఉన్నాయి. పాత రంగశాలలు ఎన్నో ఇలాగే ఉంటాయి. నలుపు తెలుపు ఫిల్మ్‌లో ఆ ఎరుపు ఏమవుతుంది? ఏ ఫిల్మ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు పాంక్రోమాటిక్ ఫిల్మ్ అన్ని రంగుల్నీ చూస్తుంది కాబట్టి ఎరుపు ఒక మధ్యరకం బూడిద రంగు అవుతుంది. అదే డార్క్‌రూములో ప్రింట్లకి వాడే నలుపు తెలుపు ఫోటో కాగితాన్ని కెమెరాలో పెట్టి నెగెటివ్‌గా వాడితే, అది ఎరుపుని చూడలేదు. ఎర్ర బల్బు కింద దాన్ని వాడగలుగుతున్నది అందుకే. అప్పుడు ఎర్ర కుర్చీలు కటిక నల్లగా వస్తాయి. బంగారు పూత కూడా చీకటి పడుతుంది. తొలినాటి ఫోటో పలకలన్నీ ఇలాంటివే, నీలాన్ని తప్ప మిగతా రంగుల్ని సరిగా చూడలేకపోయేవి. 1873లో హెర్మన్ విల్హెల్మ్ ఫోగెల్ అనే రసాయన శాస్త్రవేత్త కొన్ని రంగు అద్దకాలు కలిపితే పలకలు ఆకుపచ్చని కూడా చూడగలవని కనిపెట్టాడు. ఎరుపుతో సహా అన్నీ చూసే పలకలు అమ్మకానికి రావడానికి 1906 దాకా పట్టింది. కాబట్టి మనం పాత ఫోటోల్లో చూసే నల్లటి, దిగులు నిండిన హాళ్లలో కొన్ని నిజానికి ఎర్రగా, బంగారంలా వెలిగిపోయి ఉండేవి. ఈ సంగతి తెలిశాక పాత ఫోటోలు చూసే తీరే మారిపోయింది నాకు.

ఇక ఇన్‌ఫ్రారెడ్. కంటికి కనపడని కాంతి అది. రోలై ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ వేసి, కంటికి నల్లగా కనిపించేంత ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టి తీస్తే అవే కుర్చీలు దాదాపు తెల్లగా వచ్చాయి. మఖమలుకి వేసిన అద్దకం ఆ కాంతిని పీల్చుకోకుండా వెనక్కి పంపించేస్తోందన్నమాట. మంచు కురిసినట్టున్న హాలు! దీనికి వెలుగు ఎక్కడిదనుకుంటున్నారు? ఎల్ఈడీ లైట్ల కింద ఇది రాదు, వాటి నుంచి ఇన్‌ఫ్రారెడ్ దాదాపు వెలువడదు. పాత తీగ బల్బులు మాత్రం తమ శక్తిలో ఎక్కువ భాగం అదే వెదజల్లుతాయి. మనం వేడి అని విసుక్కునేది దాన్నే. హాల్లో ఎల్ఈడీలు పెట్టేసి చాలా కాలమైంది. నేను నిరాశగా కూర్చుంటే పెద్దాయన గ్రీన్‌రూము అటక మీద నుంచి ఒక పెట్టె దింపారు. పాత కాగితాల్లో ఒక్కొక్కటిగా చుట్టి దాచిన తీగ బల్బులు. "పారేయమన్నారు, మనసొప్పలేదు" అన్నారు. వాటిలో పదకొండు వెలిగాయి. ఈ ఫోటో ఆ పదకొండు బల్బుల వెలుగులో తీసింది.

మూడింటినీ పక్కపక్కన చూడండి. అవే కుర్చీలు. బూడిద రంగులో ఒకసారి, నల్లగా ఒకసారి, తెల్లగా ఒకసారి. ప్రదర్శనలో ఈ మూడింటి ముందూ జనం ఎక్కువసేపు ఆగారు. ఒకే కుర్చీలో ఒక రాత్రి నవ్వినవాళ్లు, ఇంకో రాత్రి ఏడ్చినవాళ్లు కూర్చున్నారు కదా. ఆ మాట గోడ మీద రాయాల్సిన అవసరం రాలేదు.

ఇక డబుల్ ఎక్స్‌పోజర్. దీని కోసమే నాలుగు నెలలు పట్టింది.

రంగశాల నిజానికి ఎదురెదురుగా పెట్టిన రెండు గదులు. ఒక గది చీకట్లో కూర్చుని చూస్తుంది, ఇంకో గది వెలుగులో నిలబడి చూపిస్తుంది. ప్రేక్షకుడికి స్టేజీ కనిపిస్తుంది కానీ తన గది కనిపించదు. నటుడికి కళ్లల్లో లైట్లు, వాటి వెనక చీకటి. ఇద్దరూ చూసేదాన్ని ఒకే ఫ్రేము మీదికి తేవాలని నాకు కోరిక. షీట్ ఫిల్మ్ దీనికి అనువుగా ఉంటుంది. ఒక ఎక్స్‌పోజర్ ఇచ్చి, హోల్డర్ మూత పెట్టి, దాన్ని పట్టుకుని హాలు చివరి నుంచి స్టేజీ మీదికి నడిచి వెళ్లి అదే ఫిల్మ్ మీద రెండోది ఇవ్వొచ్చు.

మొదటి ప్రయత్నం పాడైంది. రెండు ఎక్స్‌పోజర్లకీ పూర్తి సమయం ఇచ్చేశాను. మధ్య భాగమంతా తెల్లగా మాడిపోయింది. సాధారణంగా రెండు ఎక్స్‌పోజర్లు కలిపేటప్పుడు ఒక్కోదానికి ఒక స్టాప్ తగ్గిస్తారు, అంటే సగం వెలుగు. నాలుగైతే రెండు స్టాపులు. రెండోసారి అలాగే తగ్గించాను. ఇప్పుడు మాడలేదు కానీ అంతా కలగాపులగమైంది. స్టేజీ ఏదో, కుర్చీలేవో తెలియని గందరగోళం. ఇలాంటి ఫోటోలకి "కలలా ఉంది" అని పేరు పెట్టి ఊరుకోవడం తేలిక. నేను ఊరుకోలేకపోయాను.

పరిష్కారం స్టేజీ మీదే ఉంది. నల్ల తెర. ఫిల్మ్‌కి నలుపంటే ఖాళీ స్థలం. వెలుగు పడని చోట ఫిల్మ్ ఇంకా తాకనట్టే ఉంటుంది, రెండో దృశ్యం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కాబట్టి స్టేజీ వెనక నల్ల తెర దింపించి, మధ్యలో ఒక చెక్క కుర్చీ వేసి, దాని మీద మాత్రమే ఒక్క లైటు పెట్టమన్నాను. చివరి వరుస నుంచి మొదటి ఎక్స్‌పోజర్ ఇచ్చాను, పూర్తి సమయం, ఏమీ తగ్గించలేదు. కెమెరా వెనకున్న గాజు మీద పారదర్శక కాగితం అంటించి, గ్రీజు పెన్సిలుతో ఆ కుర్చీ ఎక్కడుందో గీసుకున్నాను. తర్వాత కెమెరాని స్టేజీ మీదికి మోసుకెళ్లి ప్రేక్షకుల వైపు తిప్పాను. గీసుకున్న కుర్చీ బొమ్మ సరిగ్గా మధ్య నడవ చీకట్లో పడేలా జరిపాను. నడవ మీదకి వెలుగు రాకుండా ఆ పక్క దీపాలు ఆర్పించి, హాలు లైట్లు మసకగా వేయించి రెండోది ఇచ్చాను.

ఇదిగో. ఖాళీ కుర్చీల వరుసలన్నీ మన వైపు చూస్తున్నాయి. వాటి మధ్య, నడవలో, నాటకపు కుర్చీ ఒక్కటి వెలుగులో ఉంది. నటుడు ప్రేక్షకుల మధ్యకి వచ్చి కూర్చున్నాడా, ప్రేక్షకులే నాటకంలోకి వచ్చారా? ఇందులో కంప్యూటరు లేదు. ఒక చీకటి ఇంకో వెలుగుకి చోటిచ్చింది, అంతే. రంగశాలల్లో చీకటికి ఎప్పుడూ ఇదే పని.

మిగతావి త్వరగా చెప్తాను. హోల్గా అనే చవక ప్లాస్టిక్ కెమెరాలో షట్టర్‌కీ ఫిల్మ్ తిప్పే చక్రానికీ సంబంధం ఉండదు. ఫ్రేము పూర్తిగా తిప్పకుండా సగమే తిప్పి మళ్లీ నొక్కితే ఫోటోలు ఒకదాని మీదికి ఒకటి జారి, పొడవాటి పట్టీలా వస్తాయి. గుర్రపు నాడా ఆకారంలో వంగిన బాల్కనీకి అది సరిగ్గా సరిపోయింది, నేను తిరుగుతూ తీస్తే బాల్కనీ కూడా నాతో తిరిగింది. స్టేజీ అంచున పూర్వం ఫుట్‌లైట్లు ఉండే గాడిలో ఒక టార్చి పట్టుకుని నాలుగు నిమిషాలు అటూ ఇటూ నడిపాను. వెలుగు కింద నుంచి పడేసరికి పైకప్పు మీది పూలపని నీడలు తలకిందులయ్యాయి. విద్యుత్తు రాకముందు నూనె దీపాలు, గ్యాసు దీపాల కాలంలో నటుల ముఖాల మీద వెలుగు అలా కింద నుంచే పడేది.

ఫిల్మ్‌ని నిమ్మరసంలోనో, సబ్బు నీళ్లలోనో నానబెట్టి రంగులు చెడగొట్టే పద్ధతి ఉంది. కాలం చెల్లిన ఫిల్మ్ వాడటం, తిరగేసి ఎక్కించి అంతా ఎర్రగా వచ్చేలా చేయడం కూడా ఉన్నాయి. అవన్నీ చేసి చూశాను. నాకు వాటితో గొడవ లేదు. కానీ ఆ మరకల కింద హాలు ఉన్నా లేకపోయినా ఒకటే అనిపించింది.

ఒక్క విన్నపం. ప్రయోగాలు చేయబోయే ముందు, నేను మొదట చూపించిన ఆ మామూలు, స్పష్టమైన ఫోటోలు కూడా తప్పకుండా తీయండి. హాలంతా, మూలమూలా తీయండి. వెనిస్‌లోని లా ఫెనిచే ఒపెరా హౌస్ 1996 జనవరిలో కాలిపోయింది. మళ్లీ ఉన్నది ఉన్నట్టు కట్టాలనుకున్నప్పుడు పాత ఫోటోలే కాకుండా, ఇటలీ దర్శకుడు లుకీనో విస్కోంతి 1954 సినిమా కోసం అక్కడ తీసిన దృశ్యాలు కూడా పనికొచ్చాయి. 2003లో అది మళ్లీ తెరుచుకుంది. పాత రంగశాలలు చెక్క, బట్ట, రంగులతో కట్టినవి. నిప్పు వాటికి ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. మీరు సాదాగా తీసిన ఫోటో ఏ వడ్రంగికి ఎప్పుడు అవసరమవుతుందో తెలియదు.

అలాగే హాలుని నొప్పించకండి. ట్రైపాడ్ కాళ్లకి రబ్బరు తొడుగులు వేయండి. పాత చెక్క నేల మీద ఎవరు నడిచినా దీర్ఘ ఎక్స్‌పోజర్ కదిలిపోతుంది, కాబట్టి షట్టర్ తెరిచాక మీరు కూడా నిలబడ్డ చోట నుంచి కదలకండి. పొగ యంత్రాలు వద్దు. తెరల తాళ్లు మీ అంతట మీరు లాగొద్దు, వాటికి బరువులు కట్టి ఉంటాయి, ప్రాణాలు పోతాయి. అక్కడ పనిచేసేవాళ్లని అడగండి.

(సభలోంచి ఒక ప్రశ్న: ఇవన్నీ డిజిటల్‌లో తేలిగ్గా చేయొచ్చు కదండీ?)

కొన్ని చేయొచ్చు. రెండు ఫోటోలు కలపడం చాలా తేలిక. కానీ తేలికైతే నేను నల్ల తెర దాకా వెళ్లేదాన్ని కాదు. కలగాపులగంగా వచ్చినప్పుడు కంప్యూటర్‌లో చెరిపేసుకునేదాన్ని. చెరపడానికి వీల్లేదు కాబట్టే నాలుగు నెలలు హాల్లో తిరిగి, దాని చీకటి ఎక్కడెక్కడ ఉందో నేర్చుకున్నాను. యాభై నిమిషాల ఎక్స్‌పోజర్ కూడా అంతే. ఆ యాభై నిమిషాలూ ఫోటో ఎలా వస్తోందో చూసుకోవడానికి కెమెరా వెనక స్క్రీన్ లేదు, చేయడానికి పని లేదు. నాటకం చూశాను.

(ఇంకో ప్రశ్న: లైట్లు చూసుకునే ఆ పెద్దాయన ఈ ఫోటోలు చూశారా?)

చూశారండీ. మొదటి ప్రింట్లు ఆయనకే తీసుకెళ్లాను. అన్నీ నిదానంగా, కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. నడవలో కుర్చీ ఉన్న ఫోటో దగ్గర ఆగారు. నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది. చాలాసేపు చూసి, వేలితో చూపిస్తూ, "ఈ లైటు రెండడుగులు ఎడమకి జరగాలమ్మా, కుర్చీ వీపు మీద నీడ పడింది. ఇంకోసారి తీద్దాం" అన్నారు. చూస్తే నిజమే, నీడ ఉంది. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం.